ఇద్దరు అమెరికా క్రీడాకారులు

కాకినాడలో జగన్నాథపురం వంతెన దిగగానే ఎడమచేతి వైపు ఒక రేకుల షెడ్డుంది. అందులో వాసంశెట్టి నూకరత్నం బళ్ళు బాగుచేస్తుంది. ఆటో అయినా సరే, ట్రాలీ అయినా సరే, బానెట్ ఎత్తక ముందే చెవి పెట్టి విని జబ్బు చెప్పేస్తుంది. నలభై ఆరేళ్ళ మనిషి. కోపం వస్తే స్పానరు విసురుతుంది గాని తగిలేట్టు విసరదు. ఆవిడకి ఈ లోకంలో అపురూపమైనది ఒకటే, షెడ్డు వెనక టార్పాలిన్ కప్పి ఉంచిన ఎర్ర కారు. దాని పేరు హార్లన్ ఆర్-ఫోర్. పుట్టింది అమెరికాలో.

అమెరికా కారు కాకినాడకెందుకొచ్చిందీ అంటారా? చమురు తవ్వడానికొచ్చిన విదేశీ ఇంజనీర్లిద్దరు, సాయంత్రాలు తోచక, పందేలేసుకోడానికి చెరో కారూ ఓడలో తెప్పించుకున్నారు. చమురు పడలేదు. వాళ్ళు విమానమెక్కి వెళ్ళిపోయారు. కార్లు పోర్టు గోడవారన ఉప్పుగాలికి తుప్పు పడుతూ ఉండిపోయాయి. ఎర్రది నూకరత్నం తెచ్చుకుంది. నల్లది, డెల్టన్ ఎస్ఎస్ అనేదాన్ని, ఈరంకి భగవాన్లు గారు తెచ్చుకున్నారు. ఆయన కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన పెద్దమనిషి. డెబ్బై దాటినా కారు మాటెత్తితే ఇంకా పాతికేళ్ళే.

ఆరేళ్ళు పట్టింది ఆ రెండూ మళ్ళీ కదలడానికి. దొరకని పిస్టన్ రింగులు సామర్లకోట లేతుమిషను మీద చేయించారు, దొరకని రబ్బర్లు ట్రాక్టరువి కోసి పెట్టారు. అప్పట్నించీ ప్రతి ఆదివారం పొద్దున్న షెడ్డులో ఒకటే దెబ్బలాట.

“మీదాంట్లో ఏవుందండీ మేష్టారూ, సోఫాలో కూకున్నట్టుంటాది. నాది చూడండి. తొక్కగానే ఒక్క క్షణం ఆలోసిస్తాది. ఆపైన టర్బో అందుకుందంటే వీపు మీద తన్నినట్టు లగెత్తుద్ది. అదీ కారంటే!”

“ఆ క్షణం ఎందుకాలోచిస్తుందో తెలుసా నూకరత్నం? ఎవర్ని గుద్దాలో తేల్చుకోడానికి. స్టీరింగు నువ్వు పట్టుకుంటావా, అది నిన్ను పట్టుకుంటుందా? నా డెల్టన్‌కి ఆలోచనల్లేవు. గేరు మార్చేటప్పుడు యాక్సిలేటరు మీంచి కాలు తియ్యక్కర్లేదు. మలుపులో వెళ్తుంటే ఒళ్ళో కాఫీ గ్లాసు తొణకదు.”

“కాఫీ తాగడానికైతే హోటలుకెల్లండి! రేపు ఏ పాత కార్ల కలెక్షన్‌లో ఎట్టినా ముందు నాదే అడుగుతారు. వెనక కిటికీ అద్దాలు చేత్తో తిప్పి దించుకోవాలి, సైలెన్సరు పేరుకే. ఇంత మొరటు బండి ఇంకెవడూ చెయ్యడండి.”

“చెయ్యడు. బుద్ధి వచ్చుంటుంది కదా,” అనేవారు భగవాన్లు గారు. ఆ తరవాత ఇద్దరూ కలిసి టీ తాగేవారు.

ఇలా నడుస్తుండగా ప్రాచీన వాహన పరిరక్షణ ఉత్తర్వు వచ్చింది. ప్రభుత్వం పరిరక్షణ అనే మాట వాడిందంటే ఏదో నలగ్గొట్టబోతున్నారని అర్థం. ‘పదిహేను సంవత్సరములు దాటిన వాహనములన్నియు ఈ నెల ముప్పదవ తేదీన తుక్కు చేయబడును. అయితే భావితరముల విజ్ఞానార్థము జాతికి ఒకటి చొప్పున ప్రతి జిల్లాయందు భద్రపరచబడును’ అని అందులో రాశారు. స్కూటరు ఒకటి, జీపు ఒకటి, లారీ ఒకటి. హార్లనూ డెల్టనూ రెండూ ఒకటే జాతి. రిజిస్ట్రేషను పుస్తకంలో రెంటికీ ‘స్పోర్ట్ కాంపాక్ట్’ అనే ఉంది. అంటే ఒకటి బతుకుతుంది, రెండోది ముప్పయ్యో తారీఖున అప్పడమవుతుంది. ఏది ఏదో తేల్చడానికి రెంటినీ పోల్చి నివేదిక ఇవ్వాలి.

ఆ మాట విన్నాక నూకరత్నానికి రెండు రోజులు అన్నం సయించలేదు.

ఇక్కడ రవాణా ఆఫీసు వారి ప్రతిభ గురించి కొంచెం చెప్పుకోవాలి. ఆ పక్షం అక్కడ తెలుగు భాషా పక్షోత్సవాలు జరుగుతున్నాయి. ఫైళ్ళలో ఒక్క ఇంగ్లీషు ముక్క కనబడినా సంజాయిషీ అడుగుతామన్నారు. హెడ్డు గుమస్తా చెమటోడ్చి, నిఘంటువు ముందు పెట్టుకుని, ‘టర్బో చార్జ్‌డ్ స్పోర్ట్ కాంపాక్ట్ కార్లు, అమెరికన్, రెండు’ అన్నదాన్ని ‘టర్బో అభియోగములు మోపబడిన పొట్టి క్రీడా కారులు, అమెరికా, 2’ అని తెనిగించాడు. అది టైపు అమ్మాయి దగ్గరకెళ్ళింది. ఆవిడ బల్ల మీద అంతకు ముందు రోజే వచ్చిన కాగితం పొదుపు సర్క్యులరుంది. మాటల మధ్య అనవసరమైన ఖాళీలు వదలరాదని దాని సారాంశం. ఆవిడ విధేయురాలు. ‘క్రీడా’కీ ‘కారులు’కీ మధ్యనున్న ఖాళీ తీసేసింది.

సూపరింటెండెంటు సాయంత్రం ఆ కాగితం చూసి ఆశ్చర్యపోయాడు. “పొట్టి క్రీడాకారులా? అమెరికా నుంచి ఇద్దరా? వాళ్ళ ఎంపికతో రవాణా శాఖకేం పని?” అని, ‘తగు చర్య నిమిత్తం’ అని రాసి, జిల్లా క్రీడా ఎంపికాధికారికి పంపించేశాడు.

నాలుగో రోజు నూకరత్నానికి ఉత్తరం వచ్చింది. ‘మీ సంరక్షణలోనున్న క్రీడాకారుని నిక్కరు, బనియను, తెల్లబూట్లతో ఉదయం ఆరు గంటలకు జిల్లా మైదానమందు హాజరుపరచవలెను. పోటీలో ఓడినవారు జతపరచిన నిబంధన ప్రకారము ముప్పదవ తేదీన తుక్కు చేయబడుదురు.’

ఆవిడ ఆ కాగితం పట్టుకుని, భగవాన్లు గారిని హార్లన్‌లో ఎక్కించుకుని, క్రీడా ఆఫీసుకి పరిగెత్తింది.

ఎంపికాధికారి పేరు తాతపూడి విశ్వమోహన్. ఒకప్పుడు వాలీబాల్ ఆడిన మనిషి. ఇప్పుడు బొజ్జే వాలీబాల్‌లా ఉంది. ఆయన పక్కన సీనియర్ అసిస్టెంటు కోటిలింగం, రిజిస్టరు గుండెలకి హత్తుకుని నిలబడ్డాడు.

“అయ్యా, అవి మనుషులు కాదండి. కార్లండి,” అంది నూకరత్నం.

విశ్వమోహన్ ఫైలు తెరిచి, ఆ మాట మీద వేలుపెట్టి, నిదానంగా చదివాడు. “క్రీ-డా-కా-రు-లు.”

“తప్పు పడిందండి. కావాలంటే కిటికీలోంచి చూడండి, బయటే ఉందండి. నాలుగు చక్రాలు కనబడతన్నాయి కదండి!”

ఆయన కిటికీ వైపు చూడనైనా చూడలేదు. “చూడమ్మా. ఫైలనేది రికార్డు. కారనేది కేవలం కంటికి కనబడే వస్తువు. రేపు ఆడిట్ వారొస్తే నా కళ్ళు చూపించమంటారా, ఫైలు చూపించమంటారా?”

“మరి సవరించండి సారూ,” అన్నారు భగవాన్లు గారు.

“తప్పకుండా. ఈ కార్యాలయం ప్రజల పక్షపాతి. సవరణ నిమిత్తం ఫైలు రవాణా శాఖకు తిప్పి పంపుతాము. వారు భాషా విభాగపు అభిప్రాయం కోరుతారు. వారు మాకు, మేము వారికి, యథోచిత కాలంలో, సుమారు నాలుగు మాసాల్లో...”

“తుక్కు తేదీ?”

“అది ముప్పయ్యో తారీఖే. అందులో తప్పు పడలేదు.”

నూకరత్నం చేతిలో స్పానరు లేదు. ఉన్నా లాభం లేదని తెలిసిపోయింది. నిట్టూర్చి, “అయితే నిక్కరు ఏ సైజండీ?” అంది.

ఎంపిక రోజు పొద్దున్నే మైదానంలో సున్నం గీతలు గీశారు, రంగు జెండాలు కట్టారు. నూకరత్నం హార్లన్ ముందు బంపరుకి నీలం నిక్కరు తొడిగి తాళ్ళు కట్టింది. భగవాన్లు గారు డెల్టన్‌కి తన బనియనే తొడిగారు, అది ఒక్క పక్కద్దానికే పట్టింది. తెల్లబూట్ల సంగతి అడిగితే, టైర్లకి సున్నం రాసి చూపించారు. కోటిలింగం తృప్తిగా టిక్కు పెట్టుకున్నాడు.

ముందు శారీరక కొలతలు. కోటిలింగం హార్లన్‌కి టేపు పట్టాడు. “ఎత్తు నాలుగడుగుల ఎనిమిదంగుళాలు సార్. బరువు... వేబ్రిడ్జి చీటీ ప్రకారం పదమూడు వందల ముప్పై కిలోలు.”

“ఎత్తుకి తగ్గ బరువు కాదు,” అన్నాడు విశ్వమోహన్ చిరాగ్గా. “రాత్రిపూట అన్నం మానిపించండమ్మా. ఏ చేతి వాటం?”

“స్టీరింగు ఎడమ పక్కనుంటాదండి.”

“ఎడమచేతి వాటం. రాసుకోవయ్యా, టేబుల్ టెన్నిస్‌కి పనికొస్తాడు. ఆహారం?”

“పెట్రోలండి. బూస్టు మాత్రం పద్నాలుగు పౌండ్ల దాకా వస్తాదండి,” అంది నూకరత్నం గర్వంగా. టర్బో గాలిని ఎంత ఒత్తిడితో తోస్తుందో చెప్పే లెక్క అది.

విశ్వమోహన్ కళ్ళద్దాలు తీసేశాడు. “పద్నాలుగు పౌండ్ల బూస్టా! ఆరు కిలోలు! మా అబ్బాయికి రెండు చెంచాలకే వేడి చేస్తుంది!”

“నాదానికి ఇంకా ఎక్కువే సార్,” అన్నారు భగవాన్లు గారు వెనకబడ్డం ఇష్టం లేక.

“సరే, అది మీ ఇంటి విషయం. అసలు సంగతికి వద్దాం.” ఆయన గొంతు తగ్గించాడు. “ఇద్దరి మీదా టర్బో అభియోగాలున్నాయని ఫైలులో ఉంది. కేసులున్న క్రీడాకారుల్ని ప్రోత్సహించడం ఈ కార్యాలయ విధానం కాదు. ఏమిటా అభియోగం?”

భగవాన్లు గారికి పాఠం చెప్పే అవకాశం వచ్చి చాలా ఏళ్ళయింది. చొక్కా చేతులు పైకి మడిచారు. “ఇంజను వదిలేసే పొగ ఉంటుంది చూశారూ, ఆ ఊపుకి ఒక చిన్న చక్రం తిరుగుతుంది. ఆ చక్రం ఇంకో చక్రాన్ని తిప్పి, బయటి గాలిని బలంగా లోపలికి తోస్తుంది. దాన్నే టర్బో అంటారు. చిన్న ఇంజను పెద్ద ఇంజనంత పని చేస్తుంది.”

విశ్వమోహన్ ఒకసారి ఊపిరి వదిలి, పీల్చి చూశాడు. “అంటే వదిలిన ఊపిరి బలంతోనే మళ్ళీ ఊపిరి పీలుస్తాడన్నమాట.”

“అంతే, అంతే!”

“మరది ప్రాణాయామం కదయ్యా! దానికి అభియోగాలేమిటి, దుర్మార్గం కాకపోతే! కొట్టెయ్, కోటిలింగం. యోగాభ్యాసం కింద ఇద్దరికీ చెరో అయిదు మార్కులెయ్.”

వంద మీటర్ల పరుగులో డెల్టన్ ముందు కదిలింది. హార్లన్ తన అలవాటు ప్రకారం ఒక్క క్షణం ఆలోచించింది. ఆపైన టర్బో అందుకుని, నిక్కరు చిరిగిపోయేలా దూకి, పక్క గీతలోకి ఒరుగుతూ వెళ్ళి, ముక్కు తేడాలో గెలిచింది. నూకరత్నం కిటికీలోంచి చెయ్యి చాపి, “చూశారా మేష్టారూ!” అని కేకేసింది. నాలుగు వందల మీటర్లలో మలుపులున్నాయి. డెల్టన్ గీత మీద చీమలా ఒదిగి తిరిగింది. హార్లన్ రెండో మలుపులో మాట వినకుండా తిన్నగా పోయి, లాంగ్‌జంప్ ఇసుక గోతిలో దిగబడింది. అందరూ గగ్గోలు పెడుతుంటే కోటిలింగం మాత్రం టేపు తీసుకుని పరిగెత్తాడు. కొలిచి, “పదకొండు మీటర్ల నలభై సార్! జిల్లా రికార్డు!” అని అరిచాడు. అయితే ఆ వేళ కార్యక్రమంలో లాంగ్‌జంప్ లేదు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఒకటీ ఒకటీ సమానం. ఇంక ఒక్క పోటీయే మిగిలింది.

“తాడులాగుడు,” అని ప్రకటించాడు విశ్వమోహన్.

ఓడరేవు నుంచి అరచెయ్యంత లావు మోకు తెప్పించారు. రెండు కార్లూ వెనక్కి వెనక్కి పెట్టి మోకుతో కట్టారు. నూకరత్నం సీట్లో కూర్చుంది. ఎవరి బండి గీత దాటి వెనక్కి వెళ్తే వాళ్ళ బండి ముప్పయ్యో తారీఖుకి అప్పడం. పూర్తి బలంతో లాగితే తన హార్లనే గెలుస్తుందని ఆవిడకి తెలుసు. లాగితే డెల్టన్ గేరుబాక్సు ముక్కలవుతుందనీ తెలుసు, ఆ గేరుబాక్సు విప్పి సర్దింది తనే కాబట్టి.

వెనకద్దంలోకి చూసింది. డెల్టన్ వెనక కిటికీలోంచి భగవాన్లు గారి తల కనబడింది. ఆయన ముందుకి వంగి డాష్‌బోర్డు నిమురుతున్నారు, జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు నిమిరినట్టు. ‘సోఫా అన్నాను, చవట బండన్నాను. అది పోతే ఆదివారం పూట ఎవరితో దెబ్బలాడాలి? ఈ ఊళ్ళో టర్బో అంటే ఏంటో తెలిసిన మనిషి ఇంకొకడున్నాడా?’ అనుకుంది. తన కారుకి అన్యాయం చేస్తున్నానని ఏడుపొచ్చింది. అయినా సరే, ఏడుస్తూనే హ్యాండ్‌బ్రేకు వదిలేసి, గేరు న్యూట్రల్లో పెట్టింది.

విజిలు మోగింది. నూకరత్నం యాక్సిలేటరు అడుగంటా తొక్కింది. ఇంజను ఊరంతా వినబడేలా అరిచింది. వెనక డెల్టన్ కూడా అరిచింది. పొగ కమ్మేసింది, జెండాలు ఊడిపోయాయి. బండి ఒక్క అంగుళం కూడా వెనక్కి జారకపోవడం చూసి నూకరత్నానికి అనుమానమొచ్చింది. కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూస్తే, భగవాన్లు గారు కూడా తల బయటపెట్టి ఆవిడవైపే చూస్తున్నారు. కళ్ళు తుడుచుకుంటున్నారు. ఆయన గేరూ న్యూట్రల్లోనే ఉంది.

ఇరవై నిమిషాలు అలాగే అరిచాయి.

“ఆహా! ఏం పట్టుదల! ఏం దమ్ము!” విశ్వమోహన్ కుర్చీలోంచి లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. “పాతికేళ్ళ సర్వీసులో ఇలాంటి సమఉజ్జీల్ని చూడలేదు. ఇద్దరూ విజేతలే!”

“సార్, నిబంధన ప్రకారం ఒకరిని తుక్కు చెయ్యాలి,” అని గుర్తు చేశాడు కోటిలింగం.

“ఎంపికైన క్రీడాకారుణ్ణి తుక్కు చేస్తామా? పేపర్లో వస్తే నా గతేమిటి?” విశ్వమోహన్ గడ్డం గోక్కుని, మెరిసే మొహంతో ఇటు తిరిగాడు. “మన కార్యాలయంలో రెండు జూనియర్ అసిస్టెంటు పోస్టులు ఆరేళ్ళుగా ఖాళీ. క్రీడా కోటాలో ఇద్దర్నీ వేసుకుందాం. ప్రభుత్వోద్యోగి జోలికి ఏ ఉత్తర్వూ రాదు.”

దరఖాస్తులు కోటిలింగమే పూర్తి చేశాడు. పుట్టిన తేదీల దగ్గర పేచీ రాలేదు. హార్లన్‌కి ఇరవై రెండు, డెల్టన్‌కి మొన్ననే పద్దెనిమిది నిండాయి. చివర్లో ఒక గడి ఉంది: ‘అభ్యర్థులు ఈ శాఖలోని ఏ అధికారికైనా బంధువులు అగుదురా? కారా?’ కోటిలింగం ‘కారు’ అని రాశాడు. మొత్తం ఫైలులో నిజం రాసింది అక్కడొక్క చోటే.

నియామక పత్రాలు అందిన రోజు నూకరత్నం షెడ్డులో లడ్డూలు పంచింది. అరవై రెండేళ్ళకి పదవీ విరమణ. అంటే హార్లన్‌కింకా నలభై ఏళ్ళ సర్వీసుంది. “అప్పటికి నాకు ఎనభయ్యారండి మేష్టారూ. నేను పోయినా దీన్నెవడూ ముట్టుకోలేడు,” అని వలవలా ఏడ్చింది. ఆయన కూడా ఏడ్చి, ‘డెల్టన్‌ది నలభై నాలుగేళ్ళు’ అని గుర్తు చేశారు.

సంతోషం వారం రోజులు నిలిచింది. ఎనిమిదో రోజున కార్లు విధుల్లో చేరాయి. ఆఫీసు వరండాలో బల్లల పక్కన నిలబెట్టి, బానెట్ల మీద పేర్ల చెక్కలు పెట్టారు. వచ్చినవాళ్ళు దరఖాస్తు వైపరు కింద పెట్టి వెళ్ళేవారు. నెల తిరక్కుండానే వాటికి మంచి పేరొచ్చింది. కసురుకోవు, రేపు రమ్మనవు, ‘సీట్లో లేరు’ అనిపించుకోవు. తక్కిన సిబ్బంది కుళ్ళుకోవడం మొదలెట్టారు.

నూకరత్నం మాత్రం రోజూ మధ్యాహ్నం వచ్చి వరండా మెట్టు మీద కూర్చునేది. కదలని బండి బానెట్ మీది దుమ్ము కొంగుతో తుడిచేది. ఉండబట్టలేక ఓ రోజు లోపలికెళ్ళింది. “అయ్యా, ఒక్కసారి ఉప్పాడ రోడ్డు మీద తిప్పి తెచ్చేస్తానండి. టర్బో అలా మూలబడితే పాడైపోద్దండి.”

“ఏమిటీ?” విశ్వమోహన్ అదిరిపడ్డాడు. “ప్రభుత్వోద్యోగిని సొంత పనికి వాడుకుంటారా? నేరం!”

“మరి దానికింక ఇల్లూ వాకిలీ ఉండదాండీ? మీ వాళ్ళంతా సాయంత్రం ఇంటికెల్లట్లేదా?” అని గయ్యిమంది నూకరత్నం.

ఆయన నిబంధనల పుస్తకం తిరగేశాడు. కోటిలింగం కూడా తిరగేశాడు. ఎక్కడా అడ్డు కనబడలేదు. “కార్యాలయ వేళలు పది నుంచి అయిదు. అయిదు దాటాక ఉద్యోగి ఎటుపోయినా, ఎంత వేగంగా పోయినా, ప్రభుత్వానికి సంబంధం లేదు. సంరక్షకులు వచ్చి తీసుకుపోవచ్చు. అయితే ఒక్క నిమిషం ముందు కదిలినా సస్పెన్షనే, జాగ్రత్త.”

ఆ సాయంత్రం నాలుగున్నరకే ఇద్దరూ వచ్చి సీట్లలో కూర్చున్నారు. అయిదు కొట్టేదాకా గడియారం వైపు చూస్తూ, తాళం తిప్పకుండా ఆగారు. ముల్లు పన్నెండు మీదికి రాగానే రెండు ఇంజన్లూ ఒక్కసారి అరిచాయి. వరండాలో కాగితాలన్నీ గాల్లోకి లేచాయి. గేటు దాటి సముద్రపు రోడ్డెక్కి, నూట ముప్పై స్పీడులో, ఒకదాన్ని ఒకటి తరుముకుంటూ పోయాయి. నూకరత్నం నవ్వుతోంది, ఆ నవ్వు ఆవిడకే వినబడ్డం లేదు.

ఊరు దాటే చోట రోడ్డు పక్కన ఒక డాబా ఇల్లుంది. ఆ ఇంటి ముందు కోటిలింగం లుంగీ కట్టుకుని, తల స్నానం చేసి, కాఫీ తాగేసిన గ్లాసు అరుగు మీద పెట్టి, తాపీగా మల్లెమొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు. ఎదురింటి అరుగు మీద విశ్వమోహన్ పడక్కుర్చీలో ఒక కునుకు తీసి లేచి ఆవులిస్తున్నాడు. ఇద్దరూ వీళ్ళని చూసి చెయ్యి ఊపారు.

నూకరత్నం బ్రేకు వేసింది. డెల్టన్ పక్కన వచ్చి ఆగింది. భగవాన్లు గారు చేతి గడియారం చూపించారు, అయిదు దాటి నాలుగే నిమిషాలు.

“ఇంకా స్పీడు పెంచాలండి మేష్టారూ,” అంది నూకరత్నం. “మన ఆఫీసులో మనమే ఆఖరు.”